ఏనుగు పోయింది, తోక చిక్కింది

బైండింగ్ కొట్టు, వెనక గది

అక్కకి,

నువ్వూ బావా కులాసా అని తలుస్తాను. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. నా కొట్టు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. మీ ఇంట్లో ఫోను బావ చేతిలో ఉంటుంది. ఆయన స్పీకరు పెట్టుకుంటే గానీ మాట్లాడరు. ఇది స్పీకర్లో చెప్పే సంగతి కాదు.

నీ పుణ్యమా అని మొలల బాధ తీరింది. నువ్వు చెప్పినట్టే నీళ్ళు తాగాను, ఆకుకూరలు మేశాను, ముక్కడం మానేశాను, పేపరు పట్టుకుని దొడ్లో గంటలు గంటలు కూర్చోవడం కూడా మానేశాను. ఇప్పుడు నొప్పి లేదు, రక్తం లేదు. అయితే చిన్న శేషం మిగిలింది. మొల ఉన్న చోట చర్మం కాస్త వేలాడుతోంది. చిక్కుడు గింజంత ఉంటుంది. కడుక్కునేటప్పుడు చేతికి తగులుతుంది, చెమట పడితే దురద. అంతకు మించి ఏమీ లేదు.

దీన్ని కోత లేకుండా పోగొట్టే మందేదైనా ఉంటే రాయి. పూతమందు అయితే మరీ మంచిది. ఆపరేషన్ మాట మాత్రం ఎత్తకు. నేను రోజంతా కత్తితో అట్టలు కోసేవాణ్ణి. కత్తి ఒకసారి దిగాక ఎంత తేలిగ్గా పోతుందో నాకు తెలుసు.

అన్నట్టు, కొత్త కళ్ళజోడు చేయించాను. దగ్గరివన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. అసలు తంటా అక్కడే వచ్చింది. నేల మీద అద్దం పెట్టి చూసుకున్నాను.

కాస్త త్వరగా జవాబు రాయి. వానలు మొదలయ్యే లోపు దీని పీడ వదిలించుకోవాలని ఉంది.

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు, వంటింటి బల్ల

ఒరే తమ్ముడూ,

కవరు మీద ఎర్ర సిరాతో 'స్వయంగా అందజేయవలెను' అని రాసి, కింద రెండు గీతలు గీశావు. అది చూసి పోస్టుమాన్ మెట్లన్నీ ఎక్కి వచ్చి నా చేతికే ఇచ్చాడు. ఏదో ఆస్తి తగాదా అనుకుని ఉంటాడు పాపం. విప్పి చూస్తే ఇదీ ఆస్తి.

ఏనుగు పోయి తోక చిక్కిందన్న సామెత వినడమే గానీ, చిక్కిన తోకని ఇలా ఉత్తరంలో కొలతలతో సహా వర్ణించినవాణ్ణి నేను చూడలేదు. విను. మొల ఉబ్బినప్పుడు దాని మీది చర్మం సాగింది. వాపు పోయింది. సాగిన చర్మం ఎక్కడికి పోతుంది? గాలి పోయిన బుడగలా అక్కడే పడి ఉంటుంది. అది జబ్బు కాదు. జబ్బు వచ్చి వెళ్ళిన గుర్తు. పూతమందుతో అది కరగదు. కరిగిస్తామని చెప్పే డబ్బాలన్నీ నీలాంటివాళ్ళ కోసమే తయారవుతాయి. అది పోవాలంటే డాక్టరు తియ్యాలి. లేదంటే దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఈ రెంటికీ మధ్య దారి ఉందని ఎవడైనా చెబితే వాడు నీ జేబు కేసి చూస్తున్నాడని అర్థం.

నువ్వు చెయ్యాల్సింది ఇంతే. గోరువెచ్చటి నీళ్ళు తొట్టిలో పోసుకుని కాసేపు కూర్చో. సబ్బు పెట్టకు. తుడిచేటప్పుడు బల్ల తుడిచినట్టు రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దు. గోకకు. ఆకుకూరలు మేస్తూనే ఉండు. ఒక్కసారి మాత్రం డాక్టరుకి చూపించు. అద్దంలో చూసుకుని జబ్బుకి పేరు పెట్టే హక్కు నీకు లేదు. అక్కడ వేలాడేవన్నీ ఒకటే కావు. మళ్ళీ రక్తం కనిపించినా, అది గట్టిపడినా, పెరిగినా, నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకుండా తిన్నగా ఆస్పత్రికి పో.

అయినా అక్కడ ఎవరు చూస్తారురా? ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివి. నువ్వు కూడా అద్దం పెట్టుకుంటే గానీ చూడలేవు.

ఇక్కడ మాత్రం మంచి వినోదం దొరికింది. మా ఎదురింటి పళ్ళ డాక్టరు ఈ వయసులో రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఫొటోలో నవ్వమంటే కట్టుడు పళ్ళు ఎక్కడ జారతాయోనని నోరు మూసుకుని నిలబడ్డాడు. ఊరందరి పళ్ళూ చూసినవాడు తన పళ్ళు దాచుకున్నాడు. కాటికి కాళ్ళు చాచే వయసులో ఈ ముచ్చట్లేమిటని మెట్ల మీద అందరం నవ్వుకున్నాం.

మీ అక్క

*

బైండింగ్ కొట్టు

అక్కకి,

నీ ఉత్తరం చేరింది. నర్సులకి జబ్బు మీద కంటే రోగి మీద కోపం ఎక్కువని నాకు ముందే తెలుసు. నువ్వు రిటైరైనా కోపం రిటైరు కాలేదు.

మందు లేదని నువ్వు రాశావు. లేదనడానికి నువ్వేమైనా మందులన్నీ కనిపెట్టినదానివా? బస్సులు ఆగే చోట గోడ మీద ఒక బోర్డు ఉంది. 'కోత లేదు, నొప్పి లేదు, సిగ్గు లేదు' అని రాసి ఉంటుంది. అక్కడికి వెళ్ళాను. ఆ వైద్యుడు బట్టలు విప్పమని కూడా అడగలేదు. నా ముఖం చూసి మొత్తం చెప్పేశాడు. నాకు నచ్చింది అదే. చూడకుండా వైద్యం చేసేవాడి కంటే మర్యాదస్థుడు ఎవరుంటారు? షూ పాలిష్ డబ్బాలాంటి దాంట్లో పచ్చటి ముద్ద ఏదో ఇచ్చి, పొద్దునా సాయంత్రం రాయమన్నాడు.

మొదటి పూతకి చురుక్కుమంది. పని చేస్తోందని సంతోషించాను. రెండో పూతకి కొట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. బోర్డు మీద చివరి మాట అతని గురించే రాసుకున్నాడని అప్పుడు తెలిసింది. ఇప్పుడు స్టూలు మీద కూర్చోలేక నిలబడే అట్టలు అతికిస్తున్నాను. అదేం భంగిమ అని పుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన లైబ్రరీ ఆయన అడిగితే నడుం నొప్పి అని చెప్పాను. ఆయన దానికి ఇంకో వైద్యుణ్ణి చెప్పాడు.

అయితే ఆ వేలాడే చర్మం పిలక కొస కాస్త తెల్లబడింది. అది రాలిపోయే సూచనేనా? ఈ మంటకి ఏం రాయాలి? తిట్లన్నీ రెండో పేజీలో పెట్టి, ముందు జవాబు రాయి.

వెనక గదికి రంగు వేయించాను. కిటికీకి పరదాలు కొందామనుకుంటున్నాను. నీలం బావుంటుందా, లేత ఆకుపచ్చా?

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు, వంటింటి బల్ల

ఒరే,

ఆ డబ్బా చెత్తబుట్టలో పారెయ్. ముందు అది చేసి తర్వాత చదువు.

తెల్లబడిందంటే రాలిపోతోందని కాదు, కాలిందని అర్థం. చల్లటి నీళ్ళతో మెల్లగా కడిగి, ఆరాక ఉత్త వాజలీన్ పలచగా రాసి ఊరుకో. ఇంకేమీ రాయకు. కొరివితో తల గోక్కున్నవాడి గురించి విన్నాం గానీ, నువ్వు గోక్కున్న చోటు వేరు. చూడకుండా వైద్యం చేశాడని మురిసిపోయావే, చూడకుండా నువ్వు పుస్తకం కుడతావా? ఏ పేజీ ఎక్కడుందో చూడకుండా కుట్టి ఇస్తే జనం నీ మొహాన కొట్టరూ? రెండు రోజుల్లో మంట తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. సిగ్గు పడాల్సింది ఆ బోర్డు రాసినవాడు, నువ్వు కాదు.

జవాబు ముందు రాశాను. ఇప్పుడు తిట్లు.

ఆ కిటికీకి ఏళ్ళ తరబడి పాత కాలెండరు కాగితం అతికించుకుని బతికినవాడివి నువ్వు. అది చిరిగితే దాని మీద ఇంకో కాలెండరు అతికించావు. నేను వచ్చినప్పుడల్లా గుడ్డ ఏదైనా కట్టరా అని మొత్తుకుంటే, వెలుగు వస్తే చాలదా అనేవాడివి. అలాంటివాడికి ఇప్పుడు నీలమా ఆకుపచ్చా అని సందేహం వచ్చింది. గదికి రంగు. వానల్లోపు గడువు. ఎవరికీ కనపడని చోట ఉన్న చిక్కుడు గింజ మీద ఇంత యుద్ధం. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నావు.

ఎవరామె?

మీ అక్క

*

బైండింగ్ కొట్టు

అక్కకి,

డబ్బా పారేశాను. మంట తగ్గింది. పిలక ఎక్కడిదక్కడే ఉంది.

పరదాలు అడిగితే పెళ్ళి అంటగట్టేస్తావా అని మొదట కోపంగా ఒక ఉత్తరం రాశాను. మళ్ళీ చింపేశాను. నీకు తెలిసిపోయింది. ఇంక దాచి లాభం లేదు.

మా వీధి చివర కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆవిడ. తల్లికి సేవ చేస్తూ పెళ్ళి మాట తలపెట్టకుండా ఉండిపోయింది. తల్లి పోయింది. తల్లి చదువుకునే పుస్తకం అట్ట ఊడిపోతే కుట్టించడానికి నా దగ్గరికి తెచ్చింది. నేను దాన్ని బారెడు దూరంలో పట్టుకుని చూస్తుంటే, "చెయ్యి ఇంక పొడుగు సాగదండీ, కొట్టుకి రండి, కళ్ళు చూస్తాను" అంది. వెళ్ళాను. కళ్ళజోడు చేసి ఇచ్చింది. అది బావుందో లేదో చెప్పడానికి మళ్ళీ వెళ్ళాను. ముక్కు దగ్గర వదులుగా ఉందని మళ్ళీ వెళ్ళాను. వదులుగా లేదని ఆవిడకీ తెలుసు.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకుందామని రెండుసార్లు అనుకున్నాం. రెండుసార్లూ నేనే వాయిదా వేశాను. ఒకసారి ఏదో కాగితం రాలేదన్నాను. ఇంకోసారి స్కూలు పుస్తకాల పని మీద పడిందన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నువ్వు నవ్వుతావు గానీ, ఆవిడ పనే చూడటం అక్కా. గాజు మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టుకుంటుంది. ఆ కళ్ళ ముందు ఈ తోకతో ఎలా నిలబడను? నా వయసుకి బట్టతల ఉంది, పొట్ట ఉంది. అవి ఆవిడ చూసే ఒప్పుకుంది. ఇది చూడలేదు.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. మీ ఎదురింటి పళ్ళ డాక్టరు గురించి నువ్వు రాసింది మళ్ళీ చదువుకో. ఆయన వయసూ నా వయసూ ఒకటే. నీ నోట పడిన పెళ్ళి పచ్చగా ఉండదని నాకు భయం.

ఒక్క సంగతి అడుగుతాను, కోప్పడకు. డాక్టర్లు మొలలకి రబ్బరు బ్యాండు వేసి ఎండగడతారని నువ్వే ఒకప్పుడు చెప్పావు. రక్తం అందకపోతే అదే ఎండి రాలిపోతుందటగా. ఎంత గట్టిగా కట్టాలి?

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు, వంటింటి బల్ల

ఒరే,

కట్టకు.

నువ్వేం అనుకుంటున్నావో నాకు తెలుసు. మైనం పట్టించిన దారం ఉంది, చేతిలో విద్య ఉంది, నేను ముడి వేసిన పుస్తకం ఇంతవరకు ఊడలేదు అనుకుంటున్నావు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. డాక్టర్లు బ్యాండు వేసేది లోపల, నొప్పి అంతగా తెలియని చోట. నీది బయటి చర్మం. గుండుసూది గుచ్చినా ప్రాణం పోయే చోటు. అక్కడ దారం కడితే వాస్తుంది, చీము పడుతుంది, జ్వరం వస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటావు. పైగా ఇది గోటితో కూడా పోనక్కర్లేదు, ఉన్నా ఫరవాలేదని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు చదివింది ఎదురింటి డాక్టరు కట్టుడు పళ్ళ గురించి మాత్రమే.

ఇక అసలు సంగతి. నీ ముడ్డి మీది చర్మం ఎంత పొడుగుందో నాకు రాశావు. నీ మనసులో ఏముందో రాయలేదు. ఇది నాకు చాలా కష్టం కలిగించింది. నీ పెళ్ళాం పోయిననాడు నీ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరు? పోనీలే. నేను నవ్వుతానని చెప్పలేదట. నవ్వుతాను. నవ్వు వచ్చే పనులు చేస్తే నవ్వకేం చేస్తాను?

ఆ కళ్ళజోళ్ళావిడ నీలో ఏం చూసిందో నాకైతే అంతుబట్టడం లేదు. ఒకసారి తన అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూడమను. రెండుసార్లు వాయిదా వేస్తే నోరెత్తకుండా ఊరుకుందంటే, ఆవిడ మహా మెతక మనిషైనా అయి ఉండాలి, లేదా నిన్ను వదిలించుకునే దారి వెతుకుతూ అయినా ఉండాలి.

నీ ఉత్తరాల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ భయం పెట్టుకోకు.

పరదాలు లేత ఆకుపచ్చ తీసుకో. నీలం మాసినా కనపడదని ఏళ్ళ తరబడి ఉతకవు.

అక్క

*

బైండింగ్ కొట్టు, మంచం మీద

అక్కకి,

బోర్లా పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. 'కట్టకు' అని నువ్వు రాసిన ఉత్తరం నేను కట్టిన మర్నాడు అందింది. ఆస్పత్రి నుంచి నర్సు చేత రాయించి పంపిన ఉత్తరంలో ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇప్పుడు నిదానంగా రాస్తాను.

అద్దం పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, గొంతుక్కూర్చుని, పుస్తకం వెన్నుకి వేసే ముడే వేశాను. లాగితే బిగిసేదే గానీ వదులయ్యేది కాదు ఆ ముడి. కట్టినప్పుడు చీమ కుట్టినట్టు ఉంది, అంతే. ఇంత తేలికపని నువ్వు ఇన్నాళ్ళూ చెప్పనే లేదని నిన్ను తిట్టుకున్నాను. తెల్లారేసరికి అది రేగుపండంత అయి నల్లబడింది. విప్పుదామంటే దారం వాపులోకి కూరుకుపోయింది. కత్తెర దూరే సందు లేదు. నా ముడి నాకే లొంగలేదు. మధ్యాహ్నానికి జ్వరం వచ్చింది. షట్టరు సగం దించి, చింపిన కాగితాల గుట్ట మీద బోర్లా పడుకున్నాను.

ఆవిడ అప్పుడు వచ్చింది. వంగి షట్టరు కింద నుంచి లోపలికి వచ్చి, నన్ను చూసి కూడా ఏమైందని అడగలేదు. అనుకుని వచ్చిన మాట ముందు అనేసింది. "ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. కాగితాలూ స్కూలు పుస్తకాలూ అడ్డం పెట్టుకోకండి. చెప్పించుకుని వెళ్ళిపోదామనే వచ్చాను" అంది. నువ్వు మెతక మనిషి అని రాశావు. నువ్వు ఆవిడ గొంతు వినలేదు. నేను కాగితాల్లో ముఖం పెట్టుకుని, ఇష్టం ఉందని చెప్పాను. మరి ఏమిటి అంది. ఇంక చెప్పక తప్పలేదు. మొలల దగ్గర మొదలుపెట్టి ముడి దాకా చెప్పాను.

ఆవిడ కారు పిలిచింది. వెనక సీట్లో మోకాళ్ళ మీద వెళ్ళాను. డాక్టరు చిన్నమ్మాయి, మీ అమ్మాయి వయసుంటుంది. బల్ల పైన ఉన్న దీపం మెడ విరిగి ఎటు తిప్పినా కిందికి వాలిపోతోంది. నర్సు ఇంకో గదిలో ఉంది. ఎవరైనా కాస్త లైటు పట్టుకోండి అంది డాక్టరు. నేను వద్దు వద్దంటుండగానే ఆవిడ తెర తీసుకుని లోపలికి వచ్చింది. కళ్ళు పరీక్ష చేసే చిన్న టార్చి ఆవిడ సంచిలోనే ఉంది. తీసి వెలిగించి, దారం తెగేదాకా కదలకుండా పట్టుకుంది. ఎవరి కంట పడకూడదని ఇంత చేశానో, ఆ కళ్ళే అందరికంటే దగ్గరగా చూశాయి. నేను బల్ల అంచు కొరికాను. నొప్పికి కాదు.

డాక్టరు అచ్చం నువ్వు చెప్పిందే చెప్పింది. దీనికి మందు లేదు, మందు అక్కర్లేదు, ఇప్పటికి దీన్ని ముట్టుకోవద్దు, వాపు తగ్గేదాకా మాత్రలు మింగి గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోమంది. అంతా మానాక కూడా నిజంగా ఇబ్బందిగా ఉంటే అప్పుడు తనే తీస్తానంది. ఏ దారం వాడారని అడిగింది. చెబితే, గట్టి దారమే అని ఒప్పుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆవిడ టార్చి సంచిలో పెట్టుకుంది. తర్వాత అంది, "దీని కోసమా? నేను ఇంకెవరో ఉన్నారనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను." అప్పుడు ఏడ్చింది అక్కా. నా చర్మం గురించి నేను సిగ్గుపడుతూ కూర్చుంటే, ఆవిడ తను నాకు అక్కర్లేని మనిషి కాబోలు అనుకుంటూ కూర్చుంది.

వాపు చాలావరకు తగ్గింది, కూర్చోవడమే ఇంకా కష్టం. పిలక మాత్రం పోలేదు. పూర్వం కంటే ఇంకాస్త పుష్టిగా ఉంది.

వచ్చే నెలలో సంతకాలు. నువ్వు సాక్షి సంతకం పెట్టాలని ఆవిడ కోరిక. నా కోరిక కూడా అదే. కానీ ఒక మాట రాయాలి. నిన్న బావ ఫోన్ చేశారు. 'ముడి విప్పారటగా, ఇంక మూడుముళ్ళు ఎప్పుడు?' అని నవ్వారు. స్పీకరు పెట్టే ఉంది, వెనక మీ అమ్మాయి నవ్వడం కూడా వినిపించింది. ముడి, కారు, టార్చి అంటూ ఆస్పత్రి నుంచి నేను రాయించిన ఆ ఉత్తరం నువ్వు ఎన్ని చోట్ల చదివి వినిపించావో నాకు తెలియదు. ఎవరికీ చెప్పలేదని నువ్వు రాసిన ఉత్తరం మాత్రం నా దగ్గర ఉంది.

నేను నవ్వులపాలైతే నాకు అలవాటే. చిన్నప్పటి నుంచి నీ కథల్లో నేనే కదా జోకరుని. కానీ ఈ కథలో ఆవిడ ఉంది. టార్చి పట్టుకుని ఉంది. ఆవిడని చూసి నలుగురు నవ్వుతుంటే నేను ఊరుకోలేను. నువ్వు వస్తే ఈ కథ కూడా నీతో వస్తుంది. రావద్దు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రా అని రాయడానికి ధైర్యం చాలడం లేదు.

నీ తమ్ముడు

*

రెండో అంతస్తు, పడగ్గది

మరదలికి,

ఈ పిలుపు చూసి కంగారుపడకు. సంతకాలు ఇంకా కాలేదని నాకు తెలుసు. ఆ వెధవకి కాకుండా నీకే రాస్తున్నాను. వాడికి రాస్తే తిట్లతోనే కాగితం నిండిపోతుంది, చెప్పవలసింది మిగిలిపోతుంది. కవరు మీద నీ కొట్టు చిరునామా రాశాను. వాడికి చూపించాలో వద్దో నీ ఇష్టం.

వాడు చెప్పింది నిజమే. ఆస్పత్రి నుంచి వాడు రాయించిన ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. మీ అన్నయ్యగారు నీళ్ళు తాగుతూ నవ్వి పొలమారారు. మా అమ్మాయి పళ్ళెం పక్కన పెట్టి నవ్వింది. నేను కూడా నవ్వాను. మంచి కథ అమ్మా, ఎవరు మాత్రం నవ్వరు? కారు వెనక సీట్లో మోకాళ్ళ మీద వెళ్ళిన పెళ్ళికొడుకు ఇంకెక్కడ దొరుకుతాడు? నన్ను తెలిసినవాళ్ళెవరూ నా నోటికి జామీను ఉండరు. అందుకని ఇంకెవరికీ చెప్పనని నీకు మాట ఇవ్వను. ఇచ్చినా నువ్వు నమ్మకూడదు. ఎదురింటి పళ్ళ డాక్టరు భార్య మెట్ల మీద ఎదురైతే నాకు నోరు దురద పుడుతుంది. మాటకి బదులు ఒక తాకట్టు పెడుతున్నాను.

నాకూ ఒకటి ఉంది.

రెండో కాన్పు తర్వాత వచ్చింది. వాడిది చిక్కుడు గింజట. నాది చూస్తే వాడు తన ఉత్తరాలన్నీ వెనక్కి తీసుకుంటాడు. వార్డులో ఎంతమంది బాలింతలకి చెప్పానో లెక్క లేదు. ఇది మామూలే, సిగ్గుపడకండి, ఎవరు చూస్తారు అక్కడ అని గద్దించేదాన్ని. వాళ్ళు నా మాట నమ్మి ధైర్యంగా ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. నేను ఇంటికి వచ్చి ముందు లైటు ఆర్పేదాన్ని. మా అమ్మాయికి పెళ్ళీడు వచ్చింది, ఇప్పటికీ అంతే. వెలుగులో నా కళ్ళు మండుతాయని మీ అన్నయ్యగారి నమ్మకం. నా కోసమని ఇంట్లో బల్బులన్నీ మార్చి చిన్నవి పెట్టారు. ఆ గుడ్డి వెలుగులో ఆయన రెండుసార్లు బల్లకి కొట్టుకుని కాలివేలు విరగ్గొట్టుకున్నారు. అప్పుడూ చెప్పలేదు. నా పక్కన ఇన్నేళ్ళుగా పడుకుంటున్న మనిషికి తెలియని సంగతి ఈ భూమ్మీద ఇప్పుడు నీకొక్కదానికి తెలుసు.

ఇది నా చేతి రాత. కింద సంతకం కూడా పెడుతున్నాను. దాచిపెట్టు. రేపు పెళ్ళిలో గానీ, ఆ తర్వాత ఎప్పుడైనా గానీ, నేను వాడి ముడి గురించి, నీ టార్చి గురించి నోరు తెరిచానో, నువ్వు వెంటనే లేచి దీన్ని అందరి ముందూ చదువు. గట్టిగా చదువు. స్పీకరు పెట్టమని మీ అన్నయ్యగారినే అడుగు. అప్పటికైనా నా నోరు మూతపడకపోతే నేను మనిషినే కాదు.

సాక్షి సంతకానికి వస్తాను. వాడికి చెప్పు, రమ్మని రాయడానికి ధైర్యం చాలకపోతే మానమను, పిలవకపోయినా వచ్చే చుట్టాన్ని నేను. ఆ వెర్రివెధవకి తోక ఉందని నీకు తెలుసు, బుద్ధి లేదని కూడా తెలుసు, అయినా చేసుకుంటున్నావు. నీకు చూపు లేదని వాడికి రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఆస్పత్రి ఉత్తరం భోజనాల దగ్గర చదివానన్నానుగా. నవ్వులన్నీ అయ్యాక, వాళ్ళు వెళ్ళిపోయాక, పళ్ళేలు కడుగుతూ మళ్ళీ చదివాను. నువ్వు తెర తీసుకుని లోపలికి వచ్చావని వాడు రాయించిన చోట ఆగిపోయాను. వద్దంటున్నా వినకుండా ఒక మనిషి లైటు పట్టుకుని నిలబడిందట. పుట్టిన దగ్గర్నుంచి వాణ్ణి చూసి నవ్వడమే గానీ, నేను ఏనాడూ అసూయపడి ఎరగను. మొదటిసారి పడ్డాను.

నీ వదిన